పైన తేజ, లోపల తాలు

సంపాదకులకు,
నమస్కారాలు.

సామాజిక మాధ్యమాలలో పేరుకుపోతున్న చెత్త గురించి కొద్ది రోజులుగా మీ పత్రికలో వ్యాసాలూ లేఖలూ వస్తున్నాయి. కొందరు కంపెనీల దురాశను తప్పుపట్టారు, కొందరు చట్టాలు చాలవన్నారు, ఒకరిద్దరు ఈ తరం పిల్లలకు విలువలే లేవని తేల్చేశారు. ఈ వాదనలలో నిజం లేదని అనను. కాని ఇన్ని లేఖలలోనూ ఒక మనిషి ఊసు మాత్రం నాకు కనిపించలేదు. ఆ చెత్తను తెరిచి, చివరిదాకా చూసి, నలుగురికీ పంపి, దాన్ని తయారుచేసినవాడి ఖాతాలో డబ్బు పడేలా చేస్తున్న ఆ మనిషి నాలాంటివాడే. అందుచేత ఈ లేఖలో ఇతరుల తప్పులకన్నా నా తప్పులే ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దని మనవి.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగంలో కొన్నేళ్లు గుంటూరు మిర్చి యార్డు వ్యాపారుల ఖాతాలు చూసే శాఖలో గడిచాయి. మిర్చి సీజనులో యార్డులోకి వెళ్లినవారికి ఒక దృశ్యం తెలిసే ఉంటుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా పేర్చి ఉంటాయి. మూతి విప్పితే పైన నిగనిగలాడే తేజ రకం కాయలు కనిపిస్తాయి. ఆ పై కాయలను చూసి ధర చెప్పే వ్యాపారి యార్డులో ఒక్క సీజను కూడా నిలవలేడు. అతను మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, మధ్యలోంచి గుప్పెడు కాయలు లాగి, అరచేతిలో పరిచి, రంగు వెలిసిన తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. నీళ్లు చల్లి తూకం పెంచారేమోనని ఒక కాయను విరిచి చెవి దగ్గర పెట్టుకుంటాడు. తాలు కలిపినవాడిది తప్పు కాదని ఎవరూ అనరు. అయినా చెయ్యి పెట్టి చూడకుండా కొన్నవాడి మీద యార్డులో ఎవరికీ జాలి కలగదు, ఎందుకంటే అలాంటి కొనుగోలుదారులు నలుగురుంటే మర్నాటి నుంచి తాలు కలిపే రైతుల సంఖ్య పెరుగుతుంది, కష్టపడి ఏరి తెచ్చిన రైతుకూ అదే ధర పడుతుంది.

ఇప్పుడు మన ఫోన్లలో కనిపించే వీడియోల ముఖచిత్రాలు, అంటే థంబ్‌నెయిళ్లు, టిక్కీ మూతి దగ్గరి కాయలే. ఎర్ర బాణం, గుండ్రటి గీత, ఏడుస్తున్న ముఖం, "ఇక లేరు" అనే అక్షరాలు. తేడా ఒక్కటే: యార్డులో ముందు చెయ్యి పెట్టి చూసి తరవాత డబ్బిస్తాం, ఇక్కడ చెయ్యి పెట్టడమే డబ్బివ్వడం.

ఈ చివరి మాట అలంకారం కోసం అనడం లేదు. యూట్యూబులో ఒక ఛానల్‌కు ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, గత 12 నెలలలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్ అనే పొట్టి వీడియోలయితే 90 రోజులలో కోటి వీక్షణలు ఉండాలి. ఆ గడప దాటాక సాధారణ వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో 55 శాతం ఛానల్ వారికి, 45 శాతం కంపెనీకి వెళుతుంది. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. నాలాంటి 80 వేల మంది తలా మూడు నిమిషాలు ఒక అబద్ధాన్ని చూస్తే ఆ గడప దాటడానికి కావలసిన కాలమంతా సమకూరుతుంది. మూడు నిమిషాలేగా అనుకుంటాం. చిట్టీలో చిల్లర వేసే ప్రతివాడూ అలాగే అనుకుంటాడు.

నా మూడు నిమిషాల సంగతి చెబుతాను. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, సినీనటుడు కోట శ్రీనివాసరావు గారు మరణించారని ఒక వీడియో నా ఫోనుకు వచ్చింది. ఆయన సినిమాలలోకి రాకముందు స్టేట్ బ్యాంకులో పనిచేసినవారు కావడం వల్ల మా బ్యాంకు వాళ్లకు ఆయనంటే సొంతమనిషి అన్న మమకారం. కంగారుగా తెరిచాను. పాత ఫొటోలు ఒకదాని తరవాత ఒకటి కదులుతున్నాయి, వెనక విషాద సంగీతం, మూడు నిమిషాలైనా ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చెప్పారు అన్న మాట లేదు. ముప్పై ఏళ్లు వోచర్లు సరిచూసిన నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. మా రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పెట్టి "మన కోట గారు వెళ్లిపోయారు" అని రాశాను. నిమిషాలలో పదకొండు మంది "ఓం శాంతి" అన్నారు. కొంతసేపటికి కోట గారే ఒక వీడియోలో కనిపించి, తాను క్షేమంగా ఉన్నానని, ఇలాంటి వార్తలు నమ్మవద్దని చెప్పుకోవలసి వచ్చింది. ఎనభై ఏళ్ల పెద్దాయన చేత తాను బతికే ఉన్నానని చెప్పించిన పాపంలో నాకూ వాటా ఉంది. పదకొండు మందిలో ఎంతమంది ఆ లింకు తెరిచారో వాళ్ల వీక్షణ కూడా నేను తెచ్చిపెట్టినదే. ఆ తరవాత 2025 జూలై 13న ఆయన నిజంగానే కన్నుమూసినప్పుడు మా గ్రూపులో మొదట వచ్చిన జవాబు "నిజమేనా, మళ్లీ పుకారా?" అని. నాన్నా పులి కథలో పులి వచ్చిన రోజు కూడా జనం కదలకపోవడం ఎందుకో అప్పుడు అర్థమయింది.

ఆ ఛానల్ నడిపినవాడు తప్పు చేయలేదా అంటే చేశాడు. కాని అతను తప్పును తయారుచేశాడు, దానికి కూలి ఇచ్చింది మేము.

ఈ విషయం నాకు ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే 2018లో నేను ఇంతకన్నా సూటిగా డబ్బు చేతులు మారే ఒక వేదికలో కొన్ని నెలలు రాశాను. దాని పేరు స్టీమిట్. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు 2016లో మొదలుపెట్టిన ఆ వేదికలో ప్రకటనలు ఆదాయానికి మూలం కావు. స్టీమ్ అనే క్రిప్టో టోకెన్లు, అంటే ఇంటర్నెట్‌లోనే చలామణి అయ్యే ఒక రకం నాణేలు, నిత్యం కొత్తగా పుడుతుంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఒక ఉమ్మడి నిధిలోకి వెళుతుంది, పాఠకులు వేసే ఓట్లను బట్టి ఆ నిధి రచయితలకు పంపిణీ అవుతుంది. రచన పెట్టిన ఏడు రోజులకు లెక్క తేలుతుంది. ఓటు వేసినవాడికి కూడా కొంత వాటా ఉంటుంది. అప్పట్లో అది 25 శాతం, 2019 ఆగస్టులో చేసిన మార్పుతో సగానికి పెరిగింది. ఎవరి దగ్గర ఎక్కువ టోకెన్లు కట్టిపెట్టి ఉంటే వారి ఓటుకు అంత బరువు. ఓట్లు వేసిన కొద్దీ ఆ బలం తగ్గుతుంది, రోజుకు పది నిండు ఓట్లకు సరిపడా మళ్లీ కూడుతుంది. నచ్చని రచనకు వ్యతిరేక ఓటు కూడా వేయవచ్చు, అప్పుడు ఆ రచయితకు రావలసిన సొమ్ము తగ్గి నిధిలోనే మిగులుతుంది, అంటే మిగిలిన అందరికీ చెందుతుంది.

బ్యాంకు మనిషికి ఇంతకన్నా నచ్చే ఏర్పాటు ఉంటుందా? పాఠకుడే పరీక్షాధికారి, పాఠకుడే కోశాధికారి. మా అబ్బాయి ఖాతా తెరిచి ఇస్తే వేమన పద్యాల మీద, పల్నాడు ఊళ్ల పేర్ల మీద నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టాను. తొలి వారంలో ఒక రచనకు కొన్ని అమెరికన్ సెంట్లు వచ్చాయి. సెంట్లు చూసుకుని మురిసినంతగా పెన్షను చూసుకుని కూడా మురవలేదు.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. తెలుగులో రాసేవారు తక్కువ, చదివేవారు మరీ తక్కువ, అందుకని అయిదుగురం ఒక ఒప్పందానికి వచ్చాం: ఎవరు ఏది పెట్టినా మిగిలిన నలుగురూ వెంటనే ఓటు వేయాలి. దానికి మేము పెట్టుకున్న పేరు "పరస్పర ప్రోత్సాహం". మిర్చి వ్యాపారులలో ఇలాంటి ప్రోత్సాహాన్ని నా ఉద్యోగ జీవితంలో చాలాసార్లు పట్టుకున్నాను. ఒక వ్యాపారి మరొకరి పేర హుండీ, అంటే సరుకు తాలూకు డబ్బు ఫలానా తేదీకి చెల్లించాలనే పత్రం, రాస్తాడు, ఆ రెండోవాడు మొదటివాడి పేర రాస్తాడు, రెండింటినీ బ్యాంకులో డిస్కౌంటు చేయించుకుంటారు, అంటే గడువుకు ముందే డబ్బు తీసుకుంటారు. మధ్యలో సరుకు ఉండదు. వీటినే మేము అకామడేషన్ బిల్లులు అనేవాళ్లం. అలాంటి బిల్లు నా బల్ల మీదికి వస్తే నేను అడిగే ప్రశ్నలు రెండే: సరుకు నిజంగా కదిలిందనడానికి లారీ రసీదు ఏది, నిల్వ ఉందనడానికి కోల్డ్ స్టోరేజీ బాండు ఏది? అలాంటి నేను, సరుకు చూడకుండా, రచన తెరవకుండా, పేరు కనిపించగానే ఓటు నొక్కుతూ వచ్చాను.

మా అయిదుగురిలో ఒకరు ఒకరోజు కొండవీటి కోట గురించి చక్కటి వ్యాసం పెట్టారు. చక్కగా ఎందుకుండదు, అది వేరొకరి వెబ్‌సైటు నుంచి మక్కీకి మక్కీ ఎత్తినది. అలాంటి నకళ్లను వెతికి పట్టుకునే స్వచ్ఛంద కార్యకర్తలు ఆ వేదికలో ఉండేవారు. జీతం లేదు, అధికారం లేదు, ఎదురు తిట్లు మాత్రం దండిగా ఉండేవి. వారిలో ఒకరు ఆ రచన కింద అసలు వ్యాసం లింకు పెట్టి వ్యతిరేక ఓటు వేశారు. మరికొందరు తోడయ్యారు. రాబడి సున్నా అయింది. మా మిత్రుడికి కోపం వచ్చింది. "తెలుగు రానివాడికి మన తెలుగుతో ఏం పని?" అన్నారు, మేమూ తలలూపాం. ఆ రాత్రి నిద్రపట్టక ఆ రచన మొదటిసారి తెరిచి చదివాను. తెలుగు అక్షరం రాని ఆ మనిషి నకలును పట్టుకోగా, ఇంట్లో కూర్చుని చదవగల నేను చదవకుండానే, అది పెట్టిన రెండు నిమిషాలకే పూర్తి బలంతో ఓటు వేశానని కింద నా పేరుతో సహా నమోదై ఉంది. ఆ వేదిక లెక్కలు బ్లాక్‌చైన్‌లో, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి నిలిచే ఖాతాపుస్తకంలో, ఉంటాయి కాబట్టి ఆ నమోదును చెరపడం ఎవరి తరమూ కాదు.

మాది చిన్న మోసం. పెద్ద ఖాతాలవారు ఓట్లను బహిరంగంగా అద్దెకు ఇచ్చేవారు. డబ్బు కడితే యంత్రమే వచ్చి రచన ఏమిటో చూడకుండా ఓటు వేసి వెళ్లేది. ఎవరికి వారు తమ ఫొటోకు తామే ఓటు వేసుకునేవారు సరేసరి. 2018 తొలి రోజులలో శిఖరాన ఉన్న టోకెన్ ధర ఆ ఏడాది చివరికి నేలకు దిగింది, నవంబరులో కంపెనీ తన సిబ్బందిలో 70 శాతం మందిని తీసేసింది. 2020 ఫిబ్రవరిలో జస్టిన్ సన్ అనే వ్యాపారి కంపెనీని కొనుక్కున్నాడు, మార్చిలో చాలామంది సభ్యులు విడిపోయి హైవ్ అనే వేరు బ్లాక్‌చైన్ పెట్టుకున్నారు. ఈ పతనానికి క్రిప్టో మార్కెట్టు మొత్తం పడిపోవడం ఒక కారణమని ఒప్పుకుంటాను. కాని బయటి పాఠకుడు ఒక్కడైనా వచ్చి చదవాలనిపించే రచనలు పైకి రాకుండా, బేరం కుదిరినవే పైకి వస్తూ పోయినప్పుడు ఆ టోకెన్‌కు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నిధిని తిన్నవాళ్లం సభ్యులమే, కంపెనీ కాదు.

ఆ వేదికను తెలుగువారిలో బహుశా కొద్దిమందే చూసి ఉంటారు. దాని ప్రస్తావన తేవడానికి కారణం ఉంది. అక్కడ ప్రతి ఓటు పక్కనా డాలరు గుర్తు కనపడేది కాబట్టి బాధ్యత ఎవరిదో దాచడానికి వీలుండేది కాదు. యూట్యూబులో, ఫేస్‌బుక్కులో, ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఆ గుర్తు మనకు కనిపించదు, అంతే. లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2016 అమెరికా ఎన్నికల ముందు ఉత్తర మాసిడోనియాలోని వెలెస్ అనే చిన్న పట్టణం నుంచి కుర్రాళ్లు వందకు పైగా వెబ్‌సైట్లలో అమెరికా రాజకీయాల మీద కల్పిత వార్తలు వండి వడ్డించారు. వాళ్లలో చాలామందికి ఆ అభ్యర్థుల మీద ప్రేమా లేదు ద్వేషమూ లేదు, ఏ వార్తను ఎక్కువమంది నొక్కుతారో అది రాశారు. డబ్బు చెల్లించింది ప్రకటనల కంపెనీలే కావచ్చు, నొక్కిన వేళ్లు మాత్రం వేల మైళ్ల దూరాన ఇళ్లలో కూర్చున్న మామూలు ఓటర్లవి.

మన దగ్గరికి వద్దాం. 2024 ఆగస్టులో రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్లపల్లిలో ఒక యూట్యూబర్ "సంప్రదాయ నెమలి కూర" అంటూ వీడియో పెట్టి అరెస్టయ్యాడు. జాతీయ పక్షి, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి; అది తెలియనివాడు కాబట్టి పెట్టాడని నేను నమ్మను, తెలిసినవాళ్లంతా తెరుస్తారని పెట్టాడు. తెరిచాం కూడా. "ఛీ" అనడానికి తెరిచినవారు, "చూడండి ఎంత ఘోరమో" అని పంచుకున్నవారు, టీవీ చర్చలో ఆ దృశ్యాన్నే పదిసార్లు తిప్పి చూపినవారు, అందరూ కలిసి ఆ ఛానల్ పేరును అది కలలో కూడా చేరలేని ఊళ్లకు చేర్చారు. యంత్రం మన ముఖం చూడదు. అసహ్యంతో చూసిన నిమిషానికీ ఇష్టంతో చూసిన నిమిషానికీ దాని ఖాతాలో ఒకటే పద్దు.

దానికి ముందు నెలలోనే, ఒక తండ్రీ చిన్నారి కూతురూ ఉన్న వీడియో మీద లైవ్‌లో కూర్చుని నోటితో చెప్పలేని మాటలు అన్న ఒక యూట్యూబర్‌ను తెలంగాణ పోలీసులు బెంగళూరులో పట్టుకున్నారు. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం కింద కేసు పెట్టారు. ఒక సినిమా నటుడు ఎక్స్‌లో ఆ విషయాన్ని లేవనెత్తి ముఖ్యమంత్రుల దృష్టికి తెచ్చేదాకా అది బయట ప్రపంచానికి తెలియలేదు. లైవ్ అంటే అటువైపు చూసేవారున్నారనే కదా అర్థం? ఆ మాటలు వింటూ లేచిపోయి ఫిర్యాదు బటను నొక్కినవారు ఎంతమంది, నవ్వు బొమ్మలు పంపినవారు ఎంతమంది అన్నది చట్టం అడగదు. చట్టం అడగని చోటనే బాధ్యత అన్న మాటకు పని పడుతుంది.

ఇక్కడ నా వాదానికి అడ్డుతగిలే ఒక వాస్తవాన్ని దాచకుండా చెప్పాలి. చూసేవాడి చేతిలో ఉన్న ఆయుధాలు మొండివి. నచ్చలేదని నొక్కినవారి సంఖ్యను యూట్యూబు 2021 నవంబరు నుంచి అందరికీ చూపించడం మానేసింది. దానితో టిక్కీలో తాలు ఉందని ముందు వచ్చిన కొనుగోలుదారు వెనకవాడికి సైగ చేసే దారి పోయింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ 2022లో ఇరవై రెండు వేలమందికి పైగా స్వచ్ఛందంగా ఇచ్చిన సమాచారంతో చేసిన అధ్యయనంలో, "డిస్‌లైక్" నొక్కడం వల్ల అలాంటి వీడియోలు మళ్లీ సిఫారసు కావడం 12 శాతం మాత్రమే తగ్గిందని, "ఈ ఛానల్ సిఫారసు చేయవద్దు" అన్నది నొక్కితే 43 శాతం తగ్గిందని తేలింది. కంపెనీలు ఈ బటన్లను పదునుపెట్టాలి, అందుకు వాటిని ప్రభుత్వం నిలదీయాలి. ఆ విషయంలో మీ పత్రికలో రాసినవారితో నాకు పేచీ లేదు. అయితే ఆ 12కీ 43కీ మధ్య తేడాను కూడా గమనించమంటాను. ముఖం చిట్లించి ఊరుకోవడం కన్నా వీడియో పక్కనుండే మూడు చుక్కలు నొక్కి ఆ ఛానల్ గుమ్మం మూసేయడం మూడింతలకు పైగా పనిచేస్తోంది, దానికి పట్టేది నాలుగు సెకన్లు. మా గ్రూపులో అడిగితే ఆ మూడు చుక్కల కింద ఏముందో చూసినవారు ఇద్దరే తేలారు.

వాడుకరుల శ్రమ డబ్బు మీద సూటిగా దెబ్బ కొట్టగల ఏర్పాటు ఎక్స్‌లో ఒకటుంది. 2023 జూలైలో ఆ సంస్థ పోస్టులు పెట్టేవారికి ప్రకటనల వాటా ఇవ్వడం మొదలుపెట్టగానే రెచ్చగొట్టే పోస్టులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ అక్టోబరులో, కమ్యూనిటీ నోట్, అంటే సభ్యులు పోస్టు కింద చేర్చే సవరణ, ద్వారా తప్పని సరిదిద్దబడిన పోస్టుకు ఆదాయం రాదని యజమాని ఎలాన్ మస్క్ ప్రకటించాడు. ఆ నోట్లను సభ్యులు రాయవచ్చు, ఒక నోట్ నిలవాలంటే సాధారణంగా ఒకరితో ఒకరు విభేదించే సభ్యులు కూడా "ఇది ఉపయోగపడుతుంది" అని ఒప్పుకోవాలి. 2024 ఏప్రిల్ నుంచి మన దేశంలో కూడా సభ్యులు ఈ పనిలో చేరవచ్చు. నిర్దోషమైన ఏర్పాటేమీ కాదు, నోట్ పడేలోగా అబద్ధం ఊరు చుట్టి వస్తుంది. కాని తెలుగు చదవగలిగి, ఆధారం వెతకగలిగి, ఖాళీగా ఉండే రిటైరైనవాళ్లం మేము ఎన్ని వేలమందిమి ఉన్నాం! ఉదయం నడకలో రాజకీయాలు మాట్లాడుకునే గంటలో పావుగంట ఇందుకు ఇస్తే ఏం పోతుంది?

చూసేవారిలో నాణ్యతను గుర్తించే శక్తి లేదని నిరాశపడేవారికి మా గుంటూరు జిల్లా సంగతే ఒకటి గుర్తుచేస్తాను. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో నూరేళ్లు పైబడిన మస్తానమ్మ గారు పొలం గట్టున కట్టెలపొయ్యి మీద వండుతుంటే ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి 2016లో ఒక ఛానల్ పెట్టారు. అందులో అరుపులు లేవు, ఎర్ర బాణాలతో నడిచిన వ్యవహారం కాదు. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియోను ప్రపంచమంతా చూసింది, సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటారు. 2018 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు తెలుగు ఒక్క ముక్క రానివారు కూడా బాధపడ్డారు. ఆ వీక్షణలూ మనం ఇచ్చినవే. అదే వేలు, అదే తెర.

తయారుచేసేవారి వైపు నుంచి ఒక మాట. మా అక్క మనవడు చదువు అయ్యాక ఉద్యోగం రాక ఒక ఛానల్ నడుపుతున్నాడు. "తాతయ్యా, మంచివి చేస్తే ఎవరూ చూడరు, అద్దె నువ్వు కడతావా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తన ఫోనులో యూట్యూబు స్టూడియో, అంటే ఛానల్ వారు తమ లెక్కలు చూసుకునే యాప్, తెరిచి ఒక గీత చూపించాడు: వీడియోలో ఏ సెకనుకు ఎంతమంది నిలిచారు, ఎక్కడ లేచిపోయారు అన్నది కొండ దిగినట్టు కనిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి ఎలా దాస్తారో అతను కష్టపడి తీసిన ఎనిమిది నిమిషాల వీడియోలో ముప్పై సెకన్లకే సగంమంది వెళ్లిపోయారు. రైతును పలకరించి లెక్కలు అడిగిన భాగానికి వచ్చేసరికి గీత నేలను తాకుతోంది. దాని పక్కనే, ఏదో గుడిలో వింత జరిగిందంటూ యంత్రం గొంతుతో చదివించిన వీడియో గీత చదునుగా చివరిదాకా సాగింది. ఆ యంత్రం "క్రీ.శ." అన్న చోట "క్రీ, శా" అని చదివింది, "కి.మీ." ని "కిమీ" అని ఒక మనిషి పేరులా పలికింది. కింద వ్యాఖ్యలు రెండు వందలకు పైగా ఉన్నాయి, ఆ తప్పును పట్టినవారు ఒక్కరూ లేరు. "ఓం నమః శివాయ" అని మాత్రం బోలెడంతమంది రాశారు. ఆ గీతల్ని చూశాక అతన్ని మందలించడానికి నాకు నోరు రాలేదు. పిల్లవాడికి పాఠం చెబుతున్నది ఆ గీత, ఆ గీతను గీస్తున్నది మనం. 2025 జూలైలో యూట్యూబు, మూసపోసినట్టు గుట్టలుగా తయారుచేసే వీడియోలకు ఆదాయం ఉండదన్న తన పాత నిబంధనకు పేరు మార్చి మరింత స్పష్టం చేసింది. నిబంధన ఉంది సరే, మక్కికి మక్కి యంత్రం చదివినదాన్ని చివరిదాకా చూసే జనం ఉన్నంతకాలం అది పేరు మార్చుకుని మరో గుమ్మంలోంచి వస్తుంది.

అయినా అతనికి ఒక్క షరతు పెట్టాను. వింత గుడి వీడియోలు చేస్తే చేసుకో, కాని ఎక్కడి నుంచి తీసుకున్నావో కింద రాయి, నీ స్నేహితుల ఛానళ్లతో "నువ్వు నాది చూడు, నేను నీది చూస్తా" ఒప్పందాలు పెట్టుకోకు. మొదటిది ఒప్పుకున్నాడు. రెండోదానికి నవ్వి, "నీ స్టీమిట్ కథ మాకు తెలుసులే తాతయ్యా" అన్నాడు.

సంపాదకులు మన్నిస్తే మీ గురించి కూడా ఒక మాట. మీ అచ్చు పత్రికలో చావు వార్త వేయాలంటే విలేకరి ఆ ఇంటికి వెళ్లి, కుటుంబ సభ్యులను అడిగి, వయసు సరిచూసి రాస్తారు. మీ వెబ్‌సైటులో మాత్రం "ఈ నటుడు చేసిన పనికి అందరూ షాక్" అన్న శీర్షిక కింద ఆయన మొక్క నాటిన సంగతి ఉంటుంది. అది చదివి నేను నొక్కిన నొక్కుడుకు కూడా ఎక్కడో పద్దు పడే ఉంటుంది కదా? అచ్చు పత్రికకు మీరు పెట్టుకున్న నియమాన్ని తెర మీద కూడా పాటిస్తే, మీ పాఠకులను మేము మందలించడం కాస్త తేలికవుతుంది.

పోయిన ఆదివారం మా గ్రూపులో మళ్లీ ఒక లింకు వచ్చింది. ఒక ప్రముఖ గాయని ఇక లేరట. అప్పటికే ఇద్దరు "ఓం శాంతి" రాసేశారు. లింకు తెరవకుండా కింద నేను ఒకే ప్రశ్న రాశాను: "లారీ రసీదు ఏది?" బ్యాంకువాళ్లు కాబట్టి అందరికీ అర్థమయింది. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తరవాత పంపినాయన ఆ లింకును తీసేశారు. ఇప్పుడు అక్కడ "ఈ సందేశం తొలగించబడింది" అని మాత్రమే ఉంది, దాని కింద ఇద్దరి "ఓం శాంతి"లూ ఎవరి కోసమో తెలియకుండా అలాగే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
బ్రాడీపేట, గుంటూరు